బెల్లం గోతాల మీద బాణాలు

మా అమ్మణ్ణి వదినకి "వద్దు" అనే మాట వినబడదు. చెవుల్లో లోపమేమీ లేదు. మూడిళ్ళ అవతల ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడుకున్నా మర్నాటికి మొత్తం అప్పజెబుతుంది. ఆ ఒక్క మాట మాత్రం ఆవిడ చెవి గడప దాటేసరికి "కానీ, చూద్దాం" అని మారిపోతుంది. "సేత్తే ఏటవుద్ది?" అని అడుగుతుంది. ఏమవుతుందో మనం ఆలోచించుకుని చెప్పేలోగా అది అయిపోతుంది కూడా.

అనకాపల్లిలో మా ఇంటి వెనకే బెల్లం గోదాము. అన్నయ్య సూరిబాబుది బెల్లం వ్యాపారం. వదిన రావికమతం నుంచి కొత్త కోడలిగా వచ్చిన వారంలోనే మా అమ్మ గోదాములో కాటా చూపించి, "ఇది మనకి అన్నం పెట్టేది. దీని మీద కాలెట్టొద్దు తల్లీ" అంది. అమ్మ అటు తిరిగి ఇటు తిరిగేసరికి వదిన పట్టుచీరతో కాటా మీద నిలబడి ఉంది. పైగా తన బరువెంతో గట్టిగా చదివింది. లోడు లెక్క రాస్తున్న కళాసీ అదేదో బెల్లం దిమ్మ బరువనుకుని రాసేశాడు. ఆ రోజు లోడు తూకం ఎక్కడా కలవలేదు. మా వ్యాపారంలో కొత్త కోడలు కలిసొచ్చిందని నలుగురూ చాలా రోజులు చెప్పుకున్నారు.

అప్పటినుంచీ అన్నయ్య ఇంట్లో "వద్దు" అనే మాట వాడడం మానేశాడు. "నీ ఇష్టం" అంటాడు. ఒకసారి తెలివి ఉపయోగించి ఆ మాటను తిప్పి వాడి చూశాడు.

"అమ్మణ్ణీ, ఈవేళ గుత్తొంకాయ సెయ్యొద్దు" అన్నాడు.

"సరే" అని వదిన చారు పెట్టి ఊరుకుంది. దొంగ వద్దులు ఆవిడ చెవికి ఇట్టే తెలిసిపోతాయి. అన్నయ్య ఆ చారులో వేలు తిప్పుకుంటూ కూర్చున్న మొహం నాకింకా గుర్తే.

ఇంతకీ బాణాల సంగతి. డిగ్రీ చదివే రోజుల్లో వదిన విలువిద్యలో యూనివర్సిటీ స్థాయి దాకా వెళ్ళింది. ఆ విల్లు కాలేజీ వాళ్ళది. చదువు అయిపోయాక విల్లు కాలేజీలో ఉండిపోయింది, వదిన మా ఇంటికి వచ్చింది. ఆ తర్వాత పాతికేళ్ళు ఆవిడ చేతిలో అట్లకాడ తప్ప వేరే ఆయుధం మేము చూడలేదు.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఎక్కడో పోటీల్లో ఒక అమ్మాయి బాణం వేస్తోంది.

"మోచెయ్యి కిందకి దిగిపోనాది. ఇది పోద్ది" అంది వదిన.

బాణం పోయింది.

"ఇప్పుడు ఊపిరి పట్టేసింది. ఇదీ పోద్ది."

అదీ పోయింది. అన్నయ్య ముచ్చటపడి, "నువ్వైతే కొట్టేద్దువేమో" అన్నాడు. టీవీలో ఆ అమ్మాయి నారి లాగుతుంటే వదిన కుడిచెయ్యి కూడా తనకు తెలీకుండానే చెంప దగ్గరికి వచ్చి ఆగింది.

"మళ్ళీ మొదలెట్టాలనుందండీ" అంది నెమ్మదిగా.

అన్నయ్య "నీ ఇష్టం" అనడానికి నోరు తెరిచాడు. కానీ పక్కన మా అమ్మ ఉంది. అమ్మ పేరు చిన్నమ్మలు. పేరులో తప్ప ఇంకెక్కడా చిన్నతనం లేని మనిషి.

"ఈ వయసులో బాణాలేటే? మోచెయ్యి నొప్పని నిన్ననే కదా మందు రాసుకున్నావు? నలుగురూ నవ్వుతారు. వద్దు!"

అన్నయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"సేత్తే ఏటవుద్ది?" అంది వదిన. అంతే, అయిపోయింది.

మర్నాడే వదిన, అన్నయ్య, నేను విశాఖపట్నం వెళ్ళాం. ఆటసామాన్ల షాపులో కొత్త విల్లు ధర విని అన్నయ్య అక్కడున్న క్యారమ్ బోర్డుల కట్ట మీద కూలబడ్డాడు. "దీనికి రెండు పాడిగేదెలు వత్తాయి, అమ్మణ్ణీ. అవి పాలు కూడా ఇత్తాయి" అన్నాడు దీనంగా. ఆ ఏడాది బెల్లం ధర పడిపోయి వ్యాపారం అంతంతమాత్రంగా ఉంది. వదిన షాపులో ప్రతి సామానూ చేత్తో పట్టుకుని, వంచి, నొక్కి, వాసన చూసి, ఏమీ కొనకుండా బయటికి వచ్చేసింది.

"కొనడం మన వల్ల కాదులే వదినా" అన్నాను ఓదార్పుగా.

"కొనడం అవదు. ఆడడం ఎందుకవదు?" అంది.

నెల తిరక్కుండానే సామాను తయారైంది. విల్లు పిడి, ఆట మానేసి హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్ళిపోయిన ఒకమ్మాయిది. అది ఎర్రది. పిడికి పైనా కిందా బిగించే రెక్కలు ఇంకొకరివి. అవి పచ్చవి. బిగించాక అది విల్లులా కాకుండా కొమ్మ మీద వాలిన రామచిలకలా ఉండేది. అమ్ములపొది ప్లాస్టిక్ గొట్టం ముక్క, కింద మూత. నారి కొట్టుకోకుండా ముంజేతికి కట్టుకునే పట్టీ అన్నయ్య తోలు బెల్టు. వేళ్ళకి అడ్డం పెట్టుకునే తోలుముక్క అన్నయ్య పాత చెప్పులోది. మొత్తమ్మీద అన్నయ్య ఒంటిమీదున్నవి ఒక్కొక్కటే విలువిద్యలో చేరిపోతున్నాయి. బాణాలు మాత్రం కొనక తప్పలేదు. అవి నాలుగే కొంది.

బాణం గుచ్చుకోవడానికి వెనక గోదాము ఎత్తు గోడకి ఆనించి దిమ్మ ఒకటి కట్టింది. పాత బెల్లం గోతాల్లో ఎండుగడ్డి కుక్కి, తాళ్ళతో బిగించింది. దాని మీద వలయాలు గీయడానికి గుడ్డ కావాలి. అటక మీద పాత ఫ్లెక్సీ దొరికింది. వర్తక సంఘంలో అన్నయ్య కార్యవర్గ సభ్యుడైనప్పుడు మిత్రబృందం వేయించింది. దాని వెనక తెల్లటి వైపున వదిన రంగులు వేసింది. బాగానే ఉంది. తీరా కొన్ని నెలలు పోయాక తిప్పి చూస్తే, నట్టనడుమ పసుపు వలయానికి సరిగ్గా వెనక అన్నయ్య ముక్కు ఉంది.

"ముక్కు మీద ఒక్క చిల్లూ లేదేటి?" అన్నాను.

"గురి కుదరలేదింకా" అంది వదిన.

అన్నయ్య తన ముక్కు తడుముకున్నాడు. రెండు చెవులూ అప్పటికే పోయాయి.

మొదటి రోజు జరిగింది మాత్రం నవ్వే సంగతి కాదు. వదిన విల్లెత్తి నారి లాగింది. సగం దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. భుజం వణికింది. మళ్ళీ లాగింది. మళ్ళీ అంతే. ఒకప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాణాలేసిన మనిషి. నేను టీ పట్టుకెళ్ళేసరికి గోతాల మీద కూర్చుని తన చేతినే చూసుకుంటోంది.

"పోనీ కొన్నాళ్ళు ఆగు వదినా."

"సెయ్యి మర్సిపోలేదు నానాజీ. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వదలాలో అన్నీ దానికి గేపకవే. బలవే లేదు." టీ గ్లాసు అందుకుని, "బలానికేటి, తెచ్చుకుంటాం" అంది.

స్కూటర్ పాత ట్యూబు ఒకటి వంటింటి కిటికీ ఊచకి కట్టింది. కూర ఉడికేంతసేపూ దాన్ని లాగేది. చింతపండు నానేలోపు లాగేది. కుక్కర్ కూత కోసం ఎదురు చూస్తూ లాగేది. ఒకసారి ఊచే వచ్చేసింది. వర్షాకాలం దాటేసరికి నారి చెంప దాకా వచ్చి అక్కడ నిలబడింది. ఆ సాయంత్రం మొదటి బాణం దిమ్మలో దిగిన చప్పుడు నేను ఇంట్లోంచి విన్నాను. వదిన నవ్వు కూడా విన్నాను. కాలేజీ అమ్మాయి నవ్వినట్టు ఉంది.

ఇక చీమలు. ఆ గోతాల్లో ఏళ్ళ తరబడి బెల్లం నిండి ఉండేది కదా, ఎండకి అదంతా కరిగి పాకమైంది. అనకాపల్లిలో ఉన్న చీమలన్నీ మా గోడ దగ్గరికి వలస వచ్చాయి. దిమ్మలోంచి పీకిన ప్రతి బాణానికీ ఒక తీగపాకం, దానికో బారు చీమలు. వదిన బాణం ఎక్కుపెడితే అవి మెల్లగా వేళ్ళ మీదికి పాకేవి. కుట్టినా కదిలేది కాదు. "మంచి ప్రాక్టీసు. పోటీల్లో చీమలుండవు కదా, సులువైపోద్ది" అనేది.

పక్కింటి ధనరాజ్ గారు రిటైరైన మనిషి. మా గోడ ఎంత ఎత్తున్నా ఆయనకి నమ్మకం లేదు. మేడ మీద బట్టలారేయడానికి హెల్మెట్ పెట్టుకుని వచ్చేవారు.

"అమ్మా, అదేదో క్యారమ్స్ ఆడుకోవచ్చు కదా?" అన్నారు ఒకసారి పిట్టగోడ మీంచి.

"మీరూ రండి బాబాయి గారూ, నేర్పుతాను. హెల్మెట్టు ఎలాగూ ఉంది" అంది వదిన.

అసలు యుద్ధం ఇంట్లో. అమ్మ పొద్దున్నే పూజ ముగించి, గంట కింద పెట్టి, అదే గొంతుతో తిట్లు మొదలెట్టేది. వీధిలో అమ్మకి తోడు దొరికారు. దేవరాపల్లి నుంచి మా మేనత్త ఫోన్ చేసి తిట్టేది. నక్కపల్లి పెదనాన్న బస్సెక్కి వచ్చి మరీ తిట్టి, భోంచేసి వెళ్ళేవాడు. చిత్రమేమిటంటే వదిన ఎవరికీ ఎదురు చెప్పేది కాదు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, "ఇంకేటి మావా?" అని అడిగేది. బంధువుల వాట్సాప్ గ్రూపులో విల్లు పట్టుకున్న తన ఫొటో తనే పెట్టింది. గ్రూపు రెండు రోజులు తగలబడింది. అది చల్లారుతోందనగా ఇంకో ఫొటో పెట్టింది. వెనక దారి ఉన్నా, విల్లు భుజాన వేసుకుని నడివీధిలోంచే వెళ్ళేది.

"ఎందుకు వదినా కోరి తిట్లు తింటావు?" అని అడిగాను.

"పడనీ నానాజీ. అందరి కడుపులో ఉన్నవన్నీ పడిపోనీ" అంది.

సరే, పోయినేడు జిల్లా పోటీలు అనకాపల్లిలోనే పెట్టారు. పెద్ద వయసు మహిళల విభాగంలో నలుగురు పేరిచ్చారు. వదిన, అన్నయ్య, నేను పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళాం. అమ్మ రానని ముందే తేల్చేసింది. సామాను తనిఖీ చేసే కుర్చీలో ఉన్నాయన వదిన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటి మేడమ్ ఇది? ప్లంబింగ్ పనికొచ్చారా?"

వెనకాల కొందరు నవ్వారు. ఆయన బెల్టు పట్టీ చూశాడు, చెప్పు తోలు చూశాడు, రంగు కలవని విల్లు చూశాడు. బాణానికి అంటుకున్న చీమను చూశాడు.

"ఇలాంటి సామానుతో ఇక్కడికి రాకూడదండీ. మాక్కూడా పరువుంటుంది. మీరు వద్దు మేడమ్."

నేనూ అన్నయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇప్పుడు వదిన ఏమంటుందో మాకు తెలుసు. కానీ వదిన నోరు తెరవకముందే వెనకనుంచి ఒక గొంతు గ్రౌండంతా దద్దరిల్లేలా లేచింది.

"ఎవుడ్రా మా కోడల్ని వద్దన్నది?"

మా అమ్మ! ఆటో దిగి, చెంగు బొడ్లో దోపుకుని వస్తోంది.

"దాన్ని వద్దనడానికి ఇంట్లో నానున్నాను. ఇన్నేళ్ళూ నాను సెప్తేనే వినలేదు, నువ్వెవుడివి సెప్పడానికి? బెల్టు సూసి నవ్వుతున్నావేటి? నా కొడుకు బెల్టది! పంట్లాం జారిపోతన్నా సెయ్యెట్టి పట్టుకు తిరుగుతున్నాడు గానీ దానికిచ్చేసేడు!"

గ్రౌండులో ఉన్నవాళ్ళంతా అన్నయ్య పంట్లాం వైపు చూశారు. అన్నయ్య గబుక్కున రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు. ఇంతలో పెద్ద జడ్జీగారు వచ్చి, ఒక్కొక్క వస్తువూ నిదానంగా పరీక్షించి, "రూల్సుకి అడ్డేమీ లేదు. పొది గొట్టమైతే ఏం, బాణాలు పడకుండా ఉంటే చాలు. ఆడనివ్వండి" అన్నారు. కుర్చీలో ఆయన చీటీ రాసిచ్చాడు.

మొదటి బాణాలు ఘోరంగా పడ్డాయి. ఒకటి దిమ్మ దాకా వెళ్ళకుండానే నేలలో దిగింది. తతిమ్మా ముగ్గురి విళ్ళకీ ఏవో కడ్డీలు, అద్దాలు, బరువులు ఉన్నాయి. వదిన విల్లుకి విల్లే ఉంది. మధ్యాహ్నానికి ఎండ పెరిగింది, ఆవిడ భుజం వణకడం నాకు దూరానికే కనబడుతోంది. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. "మోచెయ్యి దించకే, దించకే" అని గొణుగుతోంది. ఆ మాట అమ్మ ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలీదు. ఆఖరి బాణానికి వదిన చాలాసేపు నిలబడింది. చెయ్యి చెంపకి చేరింది, వణుకు ఆగింది. వదిలింది. పసుపులో, నడిమధ్యన దిగింది.

"సూరీ, నీ ముక్కురా!" అని కేకేసింది అమ్మ.

మొత్తం కలిపితే వదిన నలుగురిలో మూడోది. "ఒకర్నైనా దాటేను" అని కంచు పతకం మెడలో వేసుకుని గ్రౌండు చుట్టూ తిరిగింది. అన్నయ్య ఒక చేత్తో పంట్లాం పట్టుకుని, రెండో చేత్తో అందరికీ బెల్లం ముక్కలు పంచాడు. కుర్చీలో ఆయనకి కాస్త పెద్ద ముక్కే ఇచ్చాడు. నాలుగో స్థానం ఆవిడ వచ్చి ఆ గొట్టం ఎక్కడ దొరుకుతుందని అడిగింది. వదిన ఆవిణ్ణి స్కూటర్ ఎక్కించుకుని అట్నుంచటే ఇనప సామాను కొట్టుకి తీసుకెళ్ళిపోయింది.

పోటీలైన కొద్దిరోజులకి రాత్రి భోజనాల దగ్గర అమ్మ కంచంలో అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అంది.

"ఈదిలో ఆడోళ్ళంతా కోలాటం నేర్సుకుంటన్నారు. ఒక మనిషి తగ్గిందట. నన్ను రమ్మంటన్నారు."

అమ్మ గొంతు అంత సన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. పుట్టింట్లో ఉన్నప్పుడు కోలాటంలో అమ్మని మించినవాళ్ళు లేరని చిన్నప్పుడు నాన్న చెప్పేవాడు. నాన్న పోయాక అమ్మ రంగుచీర కట్టలేదు, కోలాటం జరిగే చోట నిలబడను కూడా లేదు. మొగుడు పోయినదానికి ఈ గెంతులేమిటని అంటారని భయం. అంతమందిని అదిలించే మనిషికి ఆ ఒక్క మాటంటే భయం.

"ఎల్లు అమ్మా. దాంట్లో ఏటుంది?" అన్నాడు అన్నయ్య పప్పు వడ్డించుకుంటూ.

నేనూ వెళ్ళమన్నాను. అంతే. ఆశ్చర్యమేమిటంటే వీధిలో కూడా ఎవరూ కిక్కురుమనలేదు. దేవరాపల్లి మేనత్తకి సంగతి తెలిసి ఫోన్ చేసింది. అమ్మ భయపడుతూనే ఎత్తింది.

"కోడలు బాణాలేత్తన్న కొంపలో అత్త కోలాటవాడితే కొత్తేటొచ్చింది వదినా? ఆడుకో, ఆడుకో. మోకాళ్ళు జాగర్త" అని పెట్టేసింది. నక్కపల్లి పెదనాన్న బస్సు కూడా ఎక్కలేదు.

అప్పుడు నాకు బుర్రలో ఏదో కదిలింది. వెనక గోదాము దగ్గరికి వెళ్ళాను. వదిన బాణాలకి పట్టిన బెల్లం తడిగుడ్డతో తుడుస్తోంది.

"వదినా, అమ్మకి కోలాటం మీద మనసుందని నీకు ముందే తెలుసా?"

"నేను బాణాలు మొదలెట్టే ముందేడు సూసేను. ఈదిలో కోలాటం ఆడతంటే ఈవిడ కిటికీ పరదా ఎనకాల నిలబడింది. లైటార్పేసుకుని. పాటకి తగ్గట్టు కాలు కదుల్తన్నాది." వదిన ఇంకో బాణం తీసుకుంది. "అత్తకి అడగడం రాదు నానాజీ. ఎవరేనా ఓ మాటంటే తట్టుకోడం అంతకంటే రాదు. నాకు తిట్లు తినడం అలవాటే కదా. బంధువుల దగ్గరైనా, ఈదిలోనైనా ఎన్ని తిట్లుంటాయి? ఎంతకని తిడతారు? ముందు నేను తినేత్తే ఆవిడకి మిగలవు."

నేను నోరు వెళ్ళబెట్టాను. "అంటే ఈ బాణాలన్నీ అమ్మ కోసమా!"

"సాల్లే! బాణాలు నా కోసవే" అంది వదిన కోపంగా. "తిట్లు ఆవిడ కోసం."

ఆ మాట అమ్మకి చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. నేను చెప్పలేదు. అమ్మకి తెలుసో లేదో కూడా నాకు తెలీదు. వదిన కోసం కొత్త తోలు బెల్టు మాత్రం అమ్మే స్వయంగా బజారుకెళ్ళి కొనుక్కొచ్చింది. అన్నయ్య బెల్టు అన్నయ్యకి తిరిగొచ్చింది, రెండు చిల్లులతో.

పోయిన నెల వీధిలో కోలాటం జరిగింది. అందరికీ ఒకే రంగు చీరలు, మెరిసే అంచువి. అమ్మ అద్దం ముందు చాలాసేపు నిలబడి, చీర కుచ్చిళ్ళు మూడుసార్లు విప్పి కట్టి, కోలలు పట్టుకుని బయల్దేరింది. నేర్పే అమ్మాయి పావని, పాతికేళ్ళది, పెద్దావిడ కదా అని గౌరవంగా చెయ్యి పట్టుకెళ్ళి వెనక వరసలో చివర నిలబెట్టింది. పాట మొదలైంది. రెండు చుట్లు తిరిగేసరికి అమ్మ నడుముకి ఏళ్ళ నాటి ఊపు వచ్చేసింది. మూడో చుట్టులో ఎలా జరిగిందో, ఎవరిని నెట్టుకొచ్చిందో తెలీదు గానీ, వెనక వరసలో ఉండాల్సిన మనిషి ముందు వరస మధ్యలో ఉంది. మేడ మీంచి ధనరాజ్ గారు చప్పట్లు కొడుతున్నారు. నా పక్కన వదిన కళ్ళు మెరుస్తున్నాయి.

పాట ఆగింది. అందరూ ఆయాసపడుతూ నిలబడ్డారు. అమ్మ కోలలు చంకలో పెట్టుకుని, నుదుటి చెమట తుడుచుకుని పావనిని పిలిచింది.

"పిల్లా, ఆ పాట ఇంకాస్త జోరుగా పెట్టించు. మోకాళ్ళ నొప్పులోళ్ళు ఎవులైనా ఉంటే ఎనక్కెల్లి నిలబడమను."